బోర్లించిన గిన్నె

ఆదివారం పొద్దున రావల్కోల్‌లో ఆ ఇంటి ముందు నుంచి నడిచిపోయే వాళ్ళకు ఒకప్పుడు ఎవరూ చెప్పాల్సిన పని ఉండేది కాదు. శివమ్మ సర్వ గిన్నె పొయ్యెక్కిందని వాసనే చెప్పేది. నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, కరివేపాకు కలిపిన బియ్యప్పిండిని సర్వ లోపలి గోడలకు అరచేత్తో అద్ది, వేలితో బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో నూనె చుక్క వదిలి, మూత పెట్టి సర్వపిండిని సన్న సెగ మీద కూర్చోబెట్టేది. ఇక ఆ మూత తీసేదాకా ఇంట్లో ఎవరికీ వేరే పని మీద మనసు నిలిచేది కాదు.

ఆ సర్వ ఆమె తల్లిగారింటి నుంచి తెచ్చుకున్నది. దాని లోపలికి సబ్బు తగలనిచ్చేది కాదు. పాత గుడ్డతో తుడిచి బోర్లించడమే. ఏళ్ళ తరబడి నూనె తాగి తాగి లోపల నల్లగా, అద్దంలా తయారైంది. పిండి అంటుకోమన్నా అంటుకోదు. అడుగున ఎర్రగా వేగిన చెక్క కోసం కూతురు భవితకూ, మరిది హరీష్‌కూ ప్రతి ఆదివారం కొట్లాటే.

"చిన్నబాపూ, అడుగుది నాది. ముట్టినవంటే చూడు!"

"పోయిన ఆదివారం నువ్వే తిన్నవ్ గదనే?"

"ప్రతి ఆదివారం నాదే. అమ్మా, చెప్పు!"

శివమ్మ చెక్కను గరిటెతో లేపి కూతురి పళ్ళెంలో వేసేది. తిన్నాక ఆ పిల్ల వచ్చి తల్లి మోకాళ్ళ మధ్య కూర్చునేది. శివమ్మ తలకు నూనె పెట్టి, రెండు జడలు గట్టిగా అల్లేది. వారమంతా బడి, ట్యూషను, ఫోను అని పరుగులు పెట్టే పిల్ల ఆ కాసేపు మాత్రం చేతికింద కదలకుండా ఉండేది. ప్లాట్ల బేరాలతో పొద్దున్నే మేడ్చల్‌కు బయలుదేరే భర్త పరమేష్, ఎప్పుడూ ఏదో ఒక నొప్పి చెప్పే అత్త సిద్దమ్మ, కోళ్ళు, కోళ్ళగూడు, అన్నీ అప్పటికి దూరంగా జరిగిపోయేవి. శివమ్మకు ఆదివారమంటే అది.

హరీష్ పెళ్ళయింది. తృప్తి వచ్చింది.

తృప్తిది కుత్బుల్లాపూర్. తండ్రి కంపెనీలో పనిచేసి పిల్లను చదివించాడు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, శామీర్‌పేట దిక్కు ఒక రిసార్టు వంటశాలలో రెండేళ్ళు చేసింది. ఇప్పుడు మేడ్చల్‌లో ఒక కాలేజీలో వంట పాఠాలు చెబుతోంది. వంట నేర్పడానికి జీతమిస్తారని తెలిసిన రోజు సిద్దమ్మ చాలాసేపు నమ్మలేదు. తృప్తిది మాట మెత్తన, నడక జోరు, ముఖం మీద ఎప్పుడూ నవ్వు. తోడికోడలిలో వంక పెట్టడానికి శివమ్మ వారం రోజులు వెతికింది. దొరకలేదు. వంక దొరకని మనిషిని భరించడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే తెలిసింది.

వచ్చిన కొత్తలోనే ఒక ఆదివారం తృప్తి వంటింట్లోకి వచ్చి, "అక్కా, ఇయ్యాల నాష్టా నేను చేస్త. నువ్వు జర కూసో" అంది.

ఆ కూర్చోమన్న మాటే మొదట గుచ్చుకుంది. ఎవరి వంటింట్లో ఎవరిని కూర్చోమంటున్నారు? అయినా కొత్త కోడలు, పైగా హరీష్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. శివమ్మ పీట లాక్కుని కూర్చుంది.

తృప్తి గుడ్లు పగలగొట్టి తెల్లసొన ఒక లోతు గిన్నెలోకి, పచ్చసొన ఇంకో గిన్నెలోకి వేరు చేసింది. పచ్చసొనలో పాలు, మైదా, కాస్త చక్కెర కలిపింది. తెల్లసొన మీదికి కరెంటు కవ్వం తిప్పింది. గిన్నె అడుగున నీళ్ళలా పడున్న సొన చూస్తుండగానే నురగై, నురగ గట్టిపడి, ఏకిన దూదిలా గిన్నె నిండా నిలబడింది. అప్పుడు తృప్తి ఎవరూ అనుకోని పని చేసింది. పక్కన నిలబడి చూస్తున్న భవిత నెత్తి మీద ఆ గిన్నెను అమాంతం బోర్లించి పట్టింది.

"చిన్నమ్మా, వద్దు! పడ్తది, పడ్తది!"

"పడదే పిల్లా. పడిందంటే నాకు వంట రానట్టే."

పడలేదు. ఒక్క చుక్క కూడా జారలేదు. భవిత కీచుమని అరుస్తూ, నవ్వుతూ చిన్నమ్మ నడుము పట్టుకుంది. ఆ నడుము పట్టుకోవడాన్ని శివమ్మ పీట మీది నుంచి చూసింది.

ఆ నురగను పిండిలో మెల్లగా కలిపి, వెన్న వేసిన పెనంలో పోసి, నానబెట్టిన కిస్‌మిస్‌లు జల్లి, మూత పెట్టింది తృప్తి. తీసేసరికి అట్టు అరచేయి మందాన పొంగి ఉంది. అందరూ అబ్బా అన్నారు. అనడమే ఆలస్యం, రెండు గరిటెలు తీసుకుని దాన్ని ముక్కలు ముక్కలుగా చింపడం మొదలుపెట్టింది.

సిద్దమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఓ పిల్లా! గంత మంచిగ పొంగినదాన్ని గట్ల చింపుతున్నవేందే?"

"దాని పద్ధతే గది అత్తమ్మా. ఆస్ట్రియా అని ఒక దేశం. ఆడ రాజు కోసం వంటోడు అట్టు పోస్తె చెడిపోయిందట. ఏం జెయ్యాలె? ముక్కలు జేసి, చక్కెర జల్లి, గిదే వంట అని పెట్టిండట. రాజుకు మస్తు నచ్చిందట. కైజర్‌ష్మారన్ అంటరు దీన్ని. మా రిసార్టుకు ఆ దేశం నుంచి ఒక ముసలి వంటాయన వచ్చిండె, ఆయన నేర్పిండు."

"చినిగిన అట్టు రాజుకు పెట్టి పానంతోని బయటపడ్డడా వాడు? మా కాలంల దొరకు పెట్టి చూడమను, తెలుస్తుండె!"

చింపిన ముక్కల మీద వెన్న, చక్కెర వేసి మళ్ళీ వేయిస్తే అంచులు ఎర్రబడ్డాయి. పైన తెల్లటి చక్కెరపొడి, పక్కన ఆలుబుఖారాలు ఉడకబెట్టిన పుల్లటి పాకం. శివమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుంది. బాగుండొద్దని లోపల కోరుకుంది. బాగుంది. అసలు తంటా అక్కడే వచ్చింది. బాగుండకపోతే ఆ ముక్కతోనే కథ ముగిసేది.

"ఎట్లున్నది అక్కా?"

"తీపి జాస్తయింది" అంది శివమ్మ.

పక్కన భవిత పళ్ళెం నాకుతోంది.

ఆ ఆదివారం తరువాతి ఆదివారమూ అదే. ఆ తరువాత శివమ్మ మొండికి సర్వపిండి కూడా చేసింది. రెండు పొయ్యిలూ వెలిగాయి. పరమేష్ రెండూ తిని, మూతి తుడుచుకుని, "రెండూ మంచిగున్నయ్" అన్నాడు. వార్డు ఎన్నికల్లో రెండు వర్గాలతోనూ మంచిగుండే మనిషి ఇంట్లో మాత్రం ఇంకేమంటాడు? భవిత పళ్ళెం నిండా చింపిన అట్టు పెట్టుకుని తల్లి ముఖం చూసింది. ఒక సర్వపిండి ముక్క విరిచి అంచున వేసుకుంది. ఆ ముక్క చివరిదాకా అంచునే ఉండిపోయింది. అడుగు చెక్క కోసం హరీష్ చెయ్యి చాపితే ఆ పిల్ల కొట్లాడలేదు. "తీస్కో చిన్నబాపూ" అంది. ఎవరైనా తిట్టినా శివమ్మకు అంత తగిలేది కాదు.

తరువాత జడలు పోయాయి. "చిన్నమ్మ ముడి మంచిగేస్తది. నూనె వద్దు, మొటిమలొస్తయట" అంది భవిత. తలలో కొబ్బరినూనె వాసన పోయి, వెనీలా వాసన వచ్చింది. రాత్రి పక్కలో పడుకున్న కూతురి తల వాసన చూసి శివమ్మ అటు తిరిగి పడుకునేది.

మనిషి ఊరికే ఉండే రకం కాదు. తృప్తి కాలేజీకీ, భవిత బడికీ పోయిన ఒక పనిరోజు తలుపు దగ్గరకు వేసి, తన నాటుకోళ్ళ గుడ్లు తీసుకుని తనూ మొదలుపెట్టింది. దీనికి కాలేజీ కావాలా? చూసిందే కదా అంతా! తృప్తి గిన్నె ముట్టడానికి మనసొప్పలేదు. తన సర్వలోనే తెల్లసొన పోసి, తీగల కవ్వంతో కొట్టింది. భుజం పడిపోయేదాకా కొట్టింది. సొన సొనలాగే ఉంది. అంచుల వెంట నాలుగు బుడగలు లేచి, అవి కూడా తనను చూసి ఆరిపోయాయి. ఇంకో రెండు గుడ్లు పగలగొట్టింది. మళ్ళీ అంతే. ఆ పల్చటి నీళ్ళనే పిండిలో కలిపి పెనం మీద పోస్తే చెప్పు అట్టలాంటిది వచ్చింది. వీధి కుక్కకు వేస్తే అది కూడా వాసన చూసి, మర్యాద కోసం అన్నట్టు కాసేపు నిలబడి, వెళ్ళిపోయింది.

'ఏదో దాచిపెడుతుంది' అనుకుంది శివమ్మ. 'మనం చూడకుండా ఏదో పొడి కలుపుతుంది. నవ్వు ముఖం వాళ్ళంతా ఇంతే.'

ఆ అనుమానమైనా మిగిలితే బాగుండేది. వచ్చే ఆదివారం అది కూడా పోయింది. భవిత తనకూ నేర్పమని గునిస్తే తృప్తి ఒక్కొక్కటే విడమరిచి చెప్పింది.

"గుడ్డు గిలకొట్టుడు పెద్ద పనేం కాదు భవితా. గిన్నె ముఖ్యం. గిన్నెకు నూనె జిడ్డు ఉండొద్దు. ఒక్క చుక్క, వేలికంటిన తడంత ఉన్నా సరే, నురగ రాదు. పొద్దుందాక కొట్టినా రాదు. అందుకే నేను ముందుగాల నిమ్మచెక్కతోని రుద్దుత."

భవిత పకపకా నవ్వింది. "అయితె మా అమ్మ సర్వల చేస్తె జన్మల రాదు! అది సబ్బు మొఖమే చూడలే. అమ్మ గిన్నెలన్ని జిడ్డే!"

"అట్లనొద్దు" అని తృప్తి పిల్లను గదిమింది. గదుముతూ ఒకసారి శివమ్మ వైపు చూసింది. జాలిగా చూసిందో, ఊరికే చూసిందో ఆమెకే తెలియాలి. శివమ్మకు మాత్రం ఆ చూపు తన సర్వ లోపలిదాకా తొంగిచూసినట్టనిపించింది. చెక్క లేపి పెట్టిన సర్వ, ఇన్నేళ్ళు నూనె పట్టించి సాకిన సర్వ, కూతురి నోట జిడ్డు గిన్నె అయిపోయింది.

భవిత పుట్టినరోజు ఆదివారం పడింది. బడి స్నేహితురాళ్ళను పొద్దున నాష్టాకు పిలుస్తానంది. తూంకుంట కొత్త కాలనీల పిల్లలు. శివమ్మ అప్పటికే పల్లీలు పొట్టు తీసి పెట్టుకుంది.

"సర్వపిండి వద్దులే అమ్మా. చిన్నమ్మ అట్టు చేస్తది గద. రెండెందుకు?"

"పుట్టినరోజుకు కూడ నా చేతిది వద్దా?"

"అబ్బా అమ్మా! నువ్వు దేన్నైనా ఎక్కడికో తీస్కపోతవ్. ఆళ్ళు కారం తినరు, గందుకే."

"అవును మరి, నాది కారమే. ఆమెది చక్కెర."

భవిత ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయింది. పొట్టు తీసిన పల్లీలను శివమ్మ కోళ్ళకు వేద్దామనుకుని, మనసొప్పక డబ్బాలో పోసింది.

ఆ ఆదివారం పొద్దున తృప్తి సామాను సర్దిపెట్టి స్నానానికి వెళ్ళింది. నిమ్మచెక్కతో రుద్ది కడిగిన లోతు స్టీలు గిన్నె గట్టు మీద బోర్లించి ఉంది. వంటింట్లో ఎవరూ లేరు. శివమ్మ పొయ్యి పక్కనున్న తన నూనె గిన్నెలో వేలు ముంచింది. స్టీలు గిన్నెను తిప్పి, లోపల చుట్టూ ఆ వేలు ఒకసారి తిప్పింది. మెరుపు కనబడకుండా కొంగుతో పైపైన అద్దింది. మళ్ళీ బోర్లించింది. సర్వకు నూనె రాసిన చేయి కనుక పని సన్నగా, శుభ్రంగా జరిగింది. బయటికి వచ్చి కోళ్ళకు గింజలు చల్లింది. 'ఒక్కనాడు. ఒక్కనాడైనా పొంగకుండా ఉండనీ. బిడ్డ చూడనీ' అనుకుంది.

స్నేహితురాళ్ళు వచ్చారు. నలుగురు పిల్లలు వంటింటి గుమ్మంలో ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. అందులో వర్ష అనే పిల్ల వీడియో తీస్తానంది. సిద్దమ్మ మంచం వంటింటి ముందుకే జరిపించుకుంది. తృప్తి తెల్లసొన, పచ్చసొన వేరు చేసి, కరెంటు కవ్వం తీగ పెట్టి మీట నొక్కింది.

కవ్వం తిరగలేదు. ఫ్యాను కూడా ఆగిపోయింది.

"కరెంటు వాయె!" అన్నాడు హరీష్ అవతల గదిలోంచి. "లైను పనులున్నయట. జల్దీ రాదు."

పిల్లలు ఉసూరుమన్నారు. తృప్తి ఒక్క క్షణం ఆలోచించి, ముఖం విప్పారి, గిన్నె ఎత్తి తెచ్చి శివమ్మ చేతుల్లో పెట్టింది.

"అక్కా, నువ్వే దిక్కు. చేత్తోని కొట్టాలె. నా చెయ్యి కొంచెం సేపటికే పడిపోతది. నీది సల్ల చిలికిన చెయ్యి."

శివమ్మ గిన్నెను పాము పిల్లను చూసినట్టు చూసింది. "నా తోని ఎక్కడైతది..."

"అయితది!" భవిత ముందుకు దూకింది. కళ్ళు మెరుస్తున్నాయి. స్నేహితురాళ్ళ వైపు తిరిగి, "మా అమ్మకు ఎంత బలముంటదో తెలుసా మీకు? బియ్యం సంచి ఒక్కతే ఎత్తుతది! మిషన్ కంటె జల్దీ కొడ్తది చూడుండ్రి. వర్షా, వీడియో తియ్, మా అమ్మను తియ్!" అంది.

ఎన్ని ఆదివారాల నుంచి ఎదురుచూసిన మాట అది! మా అమ్మ, మా అమ్మ. పిల్ల తనంతట తాను, నలుగురిలో, గొప్పగా అంటోంది. ఆ మాట వచ్చిన సమయానికి చేతిలో ఉన్నదేమో తను నూనె రాసిన గిన్నె.

శివమ్మ కవ్వం పట్టింది. కొట్టింది. ఆ చేయి నిజంగానే బలమైన చేయి. గిన్నె గలగలలాడింది. సొన సుడి తిరిగింది. అంచుల వెంట నాలుగు బుడగలు లేచాయి.

"వస్తాంది, వస్తాంది!" అంది భవిత.

ఆ నాలుగు బుడగలూ ఆరిపోయాయి.

ఇంకా కొట్టింది. చెమట మెడ మీదికి కారింది. గాజులు మోచేతికి ఎక్కాయి. పిల్లలు మొదట ఉత్సాహంగా చూశారు, తరువాత ఊరికే చూశారు, తరువాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వర్ష మెల్లగా ఫోను దించేసింది. భవిత మాత్రం దించలేదు కళ్ళు. "అయితది, మా అమ్మకు అయితది" అని ఈసారి చిన్నగా అంది. ఎవరితో అందో తెలియదు.

"ఏందే శివమ్మా, నీళ్ళు చిలుకుతున్నట్టున్నవ్?" అంది సిద్దమ్మ మంచం మీది నుంచి.

తృప్తి దగ్గరికి వచ్చింది. గిన్నెలోకి వంగి చూసింది. అంచున వేలు పెట్టి, ఆ వేలిని బొటనవేలితో రుద్దింది. రుద్దడం ఆగింది. తలెత్తి శివమ్మను చూసింది. ఆ చూపులో ఈసారి జాలి లేదు, నవ్వు లేదు. తెలిసిపోయింది. చెబుతుందని శివమ్మ ఎదురుచూసింది. చెప్పాలి కదా. తనైతే చెప్పేది. పది మందికీ వినబడేట్టు చెప్పేది.

తృప్తి వేలును కొంగుకు తుడుచుకుంది. "గుడ్లు పాతవైనట్టున్నయ్. పాతవి పొంగవు. అక్క తప్పేం లేదు" అంది.

"నిన్ననే పెట్టినయ్ గద చిన్నమ్మా, అమ్మ కోళ్ళు? నేనే ఏరుకొచ్చిన."

"ఒక్కొక్కసారి గట్ల అయితది లే. ఇగ మామూలు అట్లు పోసుకుందం."

దాటిపోయింది. తృప్తి దాటించేసింది. శివమ్మ ఇప్పుడు నోరు మూసుకుని కూర్చుంటే చాలు, గుడ్ల మీద పోతుంది. అలా పోనిచ్చేదే. కానీ గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆ క్షణంలో ఆమెకు రాబోయే కాలమంతా కనబడింది. తృప్తికి తెలుసు, తనకు తెలుసు. రోజూ పొద్దున ఆ నవ్వు ముఖం చూడాలి. తీపి ఆమెదే, నురగ ఆమెదే, పిల్ల ఆమెదే, ఆఖరికి కడుపులో పెట్టుకున్న మంచితనం కూడా ఆమెదేనా? అది కూడా తీసుకుపోతుందా? ఆ ఒక్కటి ఇవ్వబుద్ధి కాలేదు. శివమ్మ నోరు తెరిపించింది పశ్చాత్తాపం అని చెప్తే అబద్ధం. ఆ క్షణాన తెరిపించింది అసూయే.

"నా కోళ్ళ గుడ్లకేం కాలే" అంది గట్టిగా. "గిన్నెల నూనె రాసిన. పొద్దుగాల. నేనే."

గుమ్మంలో పిల్లలకు అర్థం కాలేదు. భవితకు అర్థమైంది.

"ఎందుకమ్మా?"

సిద్దమ్మ మంచం దిగింది. నడుము పట్టుకుని, "ఎందుకంటె ఏం చెప్తది బిడ్డా. కడుపుల మంట. గుడ్డు పొంగకున్నా అది పొంగుతది" అంది. తరువాత గుమ్మంలోని పిల్లల వైపు తిరిగి, "రాండ్రి తల్లీ, మీరు కోడిపిల్లలను చూసిండ్రా? అవి మనుషుల కంటె నయం" అని వాళ్ళను పెరట్లోకి తోలుకుపోయింది. భవిత వాళ్ళ వెంట పోలేదు. ముందు గదిలోకి పోయి, గోడకు తిరిగి కూర్చుంది.

వంటింట్లో ఇద్దరే మిగిలారు.

"తిట్టకపోయినవా అక్కా నన్ను" అంది తృప్తి. "పిల్ల పుట్టినరోజు నాడు..."

"తిడితె నువ్వు ఏడుస్తవ్. అందరు నీ దిక్కే అయితరు."

"ఇప్పుడు మాత్రం కాలేదా?"

"అయిండ్రు" అంది శివమ్మ.

తృప్తి ముఖం తుడుచుకుంది. నవ్వు లేని ఆ ముఖం వేరే మనిషిది లాగా ఉంది. "వారమంత ఈ ఇంట్ల నీ చేతి బువ్వే. భవితకు జరమొస్తె నిన్నే పిలుస్తది. నిద్రల కూడ నిన్నే పిలుస్తది. ఆ పిల్ల నా దగ్గరికొచ్చేది అట్టు అయ్యేదాక. తిన్నంక ఫోన్ తీస్కొని పోతది. ఆ కొంచెంసేపు కూడ నీకు సయించలేదు. నాకు కుళ్ళు లేదనుకున్నవా అక్కా?"

ఈ నవ్వు ముఖం వెనకాల కూడా అదే మంట ఉందని శివమ్మ కలలో కూడా అనుకోలేదు. ఎంత వెతికినా దొరకని వంక ఇప్పుడు దొరికింది. దొరికాక ఆ పిల్ల మొదటిసారి ఇంటి మనిషిలా అనిపించింది. అయినా ఆ మాట పైకి అనలేదు. గిన్నెలోని సొనను పారబోసి, పెరట్లోకి పోయి కోళ్ళగూట్లో చెయ్యి పెట్టింది. పొదుగుతున్న పెట్ట చేతి మీద పొడిచింది. పొడవనిచ్చింది. పొదగేసిన గుడ్లను ముట్టకుండా, పక్క గంపల్లోని ఆ పూట గుడ్లు ఏరుకుని కొంగులో వేసుకుంది. గిన్నెను బూడిదతో తోమింది, చింతపండుతో తోమింది, నిమ్మచెక్కతో రుద్దింది, ఎండలో ఆరబెట్టింది. ఇరవై ఏళ్ళలో ఏ గిన్నెనూ ఆమె అంతగా తోమలేదు.

తృప్తి సొనలు వేరు చేసి ఇచ్చింది. శివమ్మ నేల మీద కూర్చుని, గిన్నెను రెండు మోకాళ్ళ మధ్య బిగించుకుని కవ్వం అందుకుంది. పాత నొప్పి మీద కొత్త నొప్పి. బుడగలు లేచాయి. ఈసారి ఆరలేదు. నురగ తెల్లబడింది. మధ్యలో ఫ్యాను కిర్రుమని తిరిగింది.

"కరెంటొచ్చింది అక్కా. ఇటియ్యి, మిషన్ పెడ్త."

"ఉండనీ."

"చెయ్యి పడిపోతది."

"పడిపోనీ. నువ్వు పెనం చూస్కో."

గలగల చప్పుడు మారిపోయి మెత్తని చప్పుడైంది. కవ్వం తిప్పితే దారులు పడుతున్నాయి. కవ్వం ఎత్తితే నురగ ముక్కులా నిలబడుతోంది. శివమ్మ తలెత్తేసరికి గుమ్మంలో భవిత నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. ఆ పిల్ల వచ్చి, తల్లి మోకాళ్ళ మధ్య నుంచి గిన్నెను లాక్కుంది.

"అయ్యిందో కాలేదో చూడాలె గద" అంది. నవ్వుతూ అనలేదు.

గిన్నెను రెండు చేతులతో ఎత్తి, నేల మీద కూర్చున్న తల్లి నెత్తి మీద బోర్లించి పట్టింది.

శివమ్మ కదలలేదు. కింది నుంచి చూస్తే గిన్నె నిండా తెల్లగా, మబ్బులా ఉంది. దాని అంచు మీదుగా కూతురి గడ్డం కనబడుతోంది. బిగబట్టిన పెదవులు కనబడుతున్నాయి. పడాలని కోరుకుంటోందేమో పిల్ల. కోరుకోనీ. పడితే పడనీ, నెత్తి నిండా కారనీ. తనకు అంత రాసిపెట్టి ఉంటే కారనీ. తృప్తి పెనం దగ్గర గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెన్న చిటపటలాడింది. భవిత అవసరమైన దానికంటే చాలాసేపు పట్టుకుంది. గిన్నెను ఒకసారి కావాలని కుదిపింది కూడా.

ఒక్క చుక్క జారలేదు.

"పడలే" అంది భవిత. గొంతులో కోపం అట్లాగే ఉంది. కాకపోతే దాని కింద ఏదో కొంచెం వదులైంది. గిన్నెను దించి, తల్లి చేతి వైపు చూసింది. అరచేతిలో పొక్కు లేచి ఉంది. పెట్ట పొడిచిన చోట రక్తం గడ్డకట్టి ఉంది. పొయ్యి వైపు తిరిగింది.

"చిన్నమ్మా, పెనం కాగిందా?"

మళ్ళీ కలుక్కుమంది శివమ్మకు. ఎక్కడో, ఎప్పుడూ అనే చోటే. పిల్ల అడగడం చిన్నమ్మనే అడిగింది. పోతే పోనీ అనుకుందామంటే మనసు అంత తొందరగా మాట వినేది కాదు. నొప్పి చేతిని ఒళ్ళో పెట్టుకుని ఆమె అక్కడే నేల మీద కూర్చుని చూసింది. అట్టు పొంగింది. తృప్తి రెండో గరిటె భవిత చేతికిచ్చింది. ఇద్దరూ కలిసి దాన్ని చింపడం మొదలుపెట్టారు.

పెనం అడుగున చక్కెర పట్టి ఎర్రగా వేగిన చెక్క మిగిలింది. భవిత దాన్ని గరిటెతో గీకి, ఊడదీసి, చేతిలో పట్టుకుని ఒక క్షణం ఆగింది. సగానికి విరిచింది. ఒక సగం తన నోట్లో వేసుకుంది. రెండో సగాన్ని తల్లి ముఖం చూడకుండానే వెనక్కి చెయ్యి చాపి అందించింది.

"తీపి జాస్తయిందా చూడు" అంది.

శివమ్మ అందుకుని నమిలింది.

"సరిపోయింది" అంది.